బైబిల్ కవర్‌లో 23 ఉత్తరాలు: ఒక కేస్ స్టడీ

అప్పుల్లో చిక్కుకుని, తన ప్రార్థనలోనే లోపముందనుకుని మా చర్చి సంఘానికి కౌన్సెలింగ్‌కి వచ్చిన ఒక చిన్న వ్యాపారి కేసు ఇది. రాయడానికి ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. రాసిందంతా ముందు వాళ్లకే చదివి వినిపించాను. వృత్తి, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. అప్పు ఎంతన్నది ఎక్కడా చెప్పను, వంతుల్లోనే చెబుతాను. నేను పాస్టర్‌ని కాను. చాలా ఏళ్లు అకౌంట్స్ పని చేసి, తర్వాత సంఘంలో కౌన్సెలింగ్ బాధ్యత తీసుకున్నవాణ్ణి. ఈ కేసులో నేను చేసిన పెద్ద తప్పుకి, నాకు బాగా వచ్చనుకున్న ఆ అకౌంట్స్ పనే కారణం. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

ఆయనకి నలభై దాటాయి. చెక్క ఫర్నిచర్ తయారుచేసే చిన్న వర్క్‌షాప్ ఉంది, కింద ఐదుగురు పనివాళ్లు. పనిలో మంచి చెయ్యి. తలుపు మూసిన చప్పుడు విని మడతబందు సరిగ్గా కూర్చుందో లేదో చెప్పేస్తారు. 11 ఏళ్లు అప్పు లేకుండా నడిపారు. సంఘంలో ఉపవాస ప్రార్థన అంటే ముందుండే మనిషి.

మా దగ్గరికి రావడానికి 18 నెలల ముందు ఆయనకి ఒక పెద్ద ఆర్డర్ వచ్చింది. అదే వారంలో ఒక ఉదయం బైబిల్ తెరిస్తే యెషయా 54లో, గుడారపు స్థలాన్ని విశాలం చేసుకొమ్మనే రెండో వచనం కంటపడింది. రెండూ ఒకే వారంలో రావడంతో ఇది దేవుడి మాటే అని నిశ్చయించుకున్నారు. బ్యాంకు లోన్ తీసుకుని రెండో షెడ్ తెరిచారు. ఆర్డర్ ఇచ్చినవాళ్లు సగం సరుకు తీసుకుని మిగతాది వద్దన్నారు. తీసుకున్నదానికి డబ్బు కూడా నెలల తరబడి ఆపారు. షెడ్ అద్దె, లోన్ వాయిదా, జీతాలు, చెక్క సరఫరా చేసేవాళ్ల బాకీ అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివరికి చేతికొచ్చేదాంట్లో సగానికి పైగా అప్పులకే పోతోంది.

ఏం అడిగారు

మొదటి రోజు ఆయన అడిగింది డబ్బు గురించి కాదు. "నా ప్రార్థనలో ఎక్కడో లోపం ఉంది బ్రదర్. అదేంటో కనిపెట్టి చెప్పండి, సరిచేసుకుంటాను" అన్నారు.

అప్పటికి మూడుసార్లు 21 రోజుల ఉపవాసం చేశారు. కానుకను విత్తనంగా వేస్తే నూరంతలు తిరిగి వస్తుందని ఎవరో చెబితే, అప్పు తెచ్చిన డబ్బులోంచే పెద్ద మొత్తం కానుక ఇచ్చారు. అది తిరిగి రాలేదు. దాంతో తన విశ్వాసమే చాలలేదని తేల్చుకున్నారు.

ఇక్కడ నేను రెండు నిర్ణయాలు తీసుకోవాల్సి వచ్చింది. ఆ యెషయా వచనం గురించి అప్పుడే మాట్లాడాలా అన్నది మొదటిది. ఆ వాక్యాన్ని ఆయన తప్పుగా పట్టుకున్నారని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ రోజు ఆ మాట అంటే, "దేవుడే నన్ను మోసం చేశాడు" అని ఆయన చెవికి వినబడేది. అప్పటికి ఆయనకి మిగిలిన ఒకే ఒక్క ఆసరాని మొదటి గంటలోనే లాగేయడం నాకు సరి అనిపించలేదు. వాయిదా వేశాను. ఇప్పటికీ అది సరైన నిర్ణయమే అనుకుంటున్నాను.

రెండోది ఆరోగ్యం. ఆయన కళ్ల కింద నలుపు చూసి నిద్ర గురించి అడిగాను. రాత్రికి రెండు మూడు గంటలే పడుతోందట. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడిగాను. ఈ ప్రశ్న అడగడానికి చాలామంది కౌన్సెలర్లు జంకుతారు, కానీ అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. "ఏమీ చేసుకోను బ్రదర్. పడుకున్నవాణ్ణి పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది, అంతే" అన్నారు. ఆ "అంతే" తేలిగ్గా తీసుకునేది కాదు. అదే వారంలో డాక్టర్‌ని కలవాలన్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్తే దేవుణ్ణి నమ్మనట్టు అవుతుందేమోనని ఆయన భయం. హిజ్కియా రాజు జబ్బుపడి ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు మాటిచ్చాడు కదా, ఆ మాట తెచ్చిన యెషయాయే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమన్నాడు అని గుర్తుచేశాను. మాట వచ్చాక కూడా మందు వేశారు. ఆయన కాసేపు ఆలోచించి, వెళ్తానన్నారు. వెళ్లారు కూడా.

నేను చేసిన పొరపాటు

ఆ తర్వాత రెండు సిట్టింగులూ ఆయనతో ఒంటరిగానే కూర్చున్నాను. భార్య ముందు అప్పుల మాట ఎత్తితే సిగ్గుపడతారేమోనని నా ఆలోచన. ఎవరికి ఎంత ఇవ్వాలో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పారు. వాటితో 14 గడుల పట్టిక గీసి ఇచ్చాను. వారం వారం ఎంత వస్తుంది, ఎవరికి ఎంత వెళ్లాలి, ఏ నెలకి ఏది తీరుతుంది, అన్నీ ఉన్నాయి. చూడ్డానికి చక్కగా ఉంది. నాకే ముచ్చటేసింది.

కారణం లేకుండా గీయలేదు. దేవుడి మీద ఆధారపడటం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అని ఆయన అనుకుంటున్నారని నాకు తోచింది. నిర్గమకాండము 16లో మన్నా సంగతి, అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడిచ్చిన ఆహారం సంగతి చూడండి. అది ఆకాశం నుంచే వచ్చింది, కానీ గుడారంలో మంచం పక్కన పడలేదు. పాళెం చుట్టూ పడింది. పొద్దున్నే లేచి, ఎండ ముదిరి కరిగిపోకముందే, మనిషికి ఒక ఓమెరు కొలత చొప్పున ఏరుకోవాలి. ఏరుకునే పని దేవుడు మనుషులకే వదిలాడు. ఈ పట్టిక ఆ ఏరుకునే పనే అని ఆయనకి చెప్పాను. చెప్పిన మాటలో తప్పు లేదు. చేసిన విధానమే తప్పు.

ఆరు వారాలు ఆయన పట్టికని పొల్లుపోకుండా పాటించారు. ఏడో వారంలో రాత్రి 2:40కి నాకు మెసేజ్ వచ్చింది: "మళ్లీ తేడా వస్తోంది బ్రదర్. ఐదోసారి కూడుతున్నా." ప్రతి వారం కట్టినదానికీ, బ్యాంకు చూపిస్తున్న బాకీకీ పొంతన కుదరట్లేదు. ఆయన తన లెక్కలోనే తప్పుందనుకుని రాత్రంతా కూడుతున్నారు. డాక్టర్ ఇచ్చిన మందుతో కాస్త కుదుటపడిన నిద్ర మళ్లీ పోయింది.

మరుసటి సిట్టింగుకి భార్యని కూడా రమ్మన్నాను. ఆవిడ మొదటి మాటే ఇది: "ఇదివరకు రాత్రంతా మోకాళ్ల మీద ఉండేవారు. ఇప్పుడు రాత్రంతా కాలిక్యులేటర్ ముందు ఉంటున్నారు. ఆ భయం మాత్రం అలాగే ఉందండీ."

తర్వాత భర్త వైపు చూసి, "ఉత్తరాల సంగతి చెప్పారా?" అని అడిగారు.

చెప్పలేదు. బ్యాంకు నుంచి, సప్లయర్ల నుంచి వచ్చిన ఉత్తరాలేవీ ఆయన పది నెలలుగా విప్పలేదు. వచ్చినవి వచ్చినట్టే బైబిల్‌కి వేసిన జిప్ కవర్ లోపలి అరలో పెట్టి, వాటి మీద చెయ్యి ఉంచి ప్రార్థించేవారు. నాకు చెప్పిన అంకెలన్నీ పది నెలల కిందటి జ్ఞాపకం. అపరాధ వడ్డీ, ఆలస్య రుసుములు ఏవీ వాటిలో లేవు. పట్టిక ఎందుకు కుదరలేదో అప్పుడు అర్థమైంది. కాగితం చూడకుండా పద్దు రాయొద్దని ఎంతమంది జూనియర్లకి చెప్పానో లెక్కలేదు. ఇక్కడ నేనే రాశాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక చిన్న డైరీ ఉంది. అందులో ఉత్తరం వచ్చిన తేదీలు, కవర్ మీది పేర్లు వరసగా రాసి పెట్టుకున్నారు. మొదటి రోజే పిలిచి ఉంటే ఆ డైరీ మొదటి రోజే నా ముందుండేది.

ఉత్తరాలు తెరిచిన రోజు

ఆయన సమర్థించుకుంటూ ఒక మాటన్నారు: "దేవుని సన్నిధిలో పరిచాను బ్రదర్. హిజ్కియా పరిచినట్టు."

అష్షూరు రాజు సన్హెరీబు బెదిరిస్తూ పంపిన ఉత్తరాన్ని హిజ్కియా మందిరానికి తీసుకెళ్లి దేవుడి ముందు పరిచిన సంగతి ఆయన మనసులో ఉంది. నేను వాదించలేదు. రెండో రాజుల గ్రంథం 19వ అధ్యాయం, 14వ వచనం పైకి చదవమన్నాను, అంతే. చదువుతూ చదువుతూ "ఉత్తరము తీసికొని చదివి" అన్నచోట ఆగిపోయారు. తల ఎత్తలేదు. మళ్లీ అదే మాట మెల్లగా అన్నారు: "చదివి."

ఆ రాజు ముందు చదివాడు. ఏమని బెదిరించారో తెలుసుకున్నాడు. ఆ తర్వాత చేసిన ప్రార్థనలో అష్షూరు రాజులు ఏయే దేశాల్ని పాడుచేశారో దాచిపెట్టలేదు, అది నిజమేనని దేవుడి ముందే ఒప్పుకున్నాడు. ఈ కేసులో మలుపు అక్కడే వచ్చింది. నా వాక్చాతుర్యం ఏమీ లేదు, ఆయనకి ప్రాణమైన కథలోనే ఆయన దాటేసిన ఒక్క మాట ఉంది.

వచ్చే వారం కవర్ తెస్తానన్నారు. వారం ఆగితే మళ్లీ జిప్ తెరుచుకోదనిపించి, ఆ సాయంత్రమే కూర్చుందామన్నాను. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. ప్రార్థన ఆయన్నే చేయమన్నాను, రెండు వాక్యాలకి మించొద్దన్నాను. ఎక్కువసేపు సాగితే అది మళ్లీ తప్పించుకునే దారి అవుతుంది. "జ్ఞానం కొదువగా ఉంది ప్రభువా. చదివే ధైర్యం ఇవ్వు" అన్నారు.

మొత్తం 23 కవర్లు. ఆవిడ చింపడం, ఆయన తేదీ, పేరు, మొత్తం, గడువు పైకి చదవడం, నేను రాసుకోవడం. మొదటి రెండిటికీ ఆయన చేతిలో కాగితం వణికింది. ఐదో దానికి గొంతు మామూలైంది. తొమ్మిది ఉత్తరాలు ఒకే నోటీసుకి మళ్లీ మళ్లీ పంపిన కాపీలు. ఆయన మనసులో తొమ్మిది అప్పులుగా కూర్చున్నది ఒక్క అప్పు. ఒక సప్లయర్ పంపినదైతే నోటీసే కాదు, ఖాతా సరిపోయిందని తెలిపే కాగితం.

పదిహేడో ఉత్తరం బ్యాంకుది. లోన్ గడువు పెంచి వాయిదా తగ్గిస్తాం, ఫలానా తేదీలోగా సంతకం చేసి పంపండి అని ఉంది. ఆ తేదీ దాటి నాలుగు నెలలైంది. ఆయన రెండుసార్లు చదివారు. కాగితాన్ని మడత పెట్టారు, మళ్లీ విప్పారు.

"నేను అడిగినదానికి జవాబు ఇదేనా బ్రదర్?"

నేను ఏమీ అనలేదు. అవునంటే ఆ అపరాధభావం ఆయన్ని నలిపేసేది. కాదనడానికి నాకేం తెలుసు? ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పద్దెనిమిదోది చదవండి" అన్నారు.

ఆ తర్వాతి పనులు

కొత్త లెక్క గీశాం. ఈసారి మూడే గడులు: ఎవరికి, ఎంత, ఎప్పటికి. ఐదుగురు అప్పులవాళ్లకి ఆయనే ఫోన్ చేయాలని నిర్ణయించాం. నేను చేస్తానంటే ఆయన సంతోషంగా ఒప్పుకునేవారే, అందుకే ఆ మాట ఎత్తలేదు. సామెతలు 6లో, హామీలో చిక్కుకున్నవాడు నిద్ర మానుకుని వెళ్లి, తగ్గించుకుని, పొరుగువాణ్ణి బతిమాలుకోవాలని ఉంది. ఆయనది హామీ కాదు, కానీ చేయాల్సింది అదే. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, తేదీ చెప్పాలి, కట్టగలిగిన దానికంటే ఒక్క పైసా ఎక్కువ చెప్పకూడదు. ముగ్గురు ఒప్పుకున్నారు. ఒకరు గట్టిగా తిట్టి ఒప్పుకున్నారు. ఐదోవారు బంధువు, ఆయన మాటే పూర్తిగా వినలేదు. బ్యాంకు పాత సౌకర్యం మళ్లీ ఇవ్వనంది, దానికంటే తక్కువది ఒకటి ఇచ్చింది.

కానుక విషయంలో ఆయనకి ఇంకా ఒక ముల్లు ఉంది. ఇవ్వడం ఆపితే దీవెన ఆగిపోతుందని భయం. రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయం 12వ వచనం కలిసి చదివాం. మనిషికి ఉన్నదాన్ని బట్టే ఇచ్చేది ప్రీతికరం, లేనిదాన్ని బట్టి కాదు అని పౌలు రాశాడు. సామెతలు 3లో ప్రథమఫలం, అంటే దేవుడికి ముందుగా ఇచ్చే భాగం, అన్నది కూడా రాబడిలోంచే. అప్పు తెచ్చిన డబ్బు రాబడి కాదు, అది ఇచ్చినవాడి సొమ్ము. ఆ లెక్కన ఆయన దేవుడికి వేరేవాళ్ల డబ్బు ఇచ్చారు. ఈ మాట కొంచెం కటువుగా చెప్పాననిపించింది, కానీ ఆయన నవ్వేశారు. అన్ని నెలల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

అసలు కష్టమంతా రెండో షెడ్ దగ్గర వచ్చింది. లెక్క ప్రకారం అది మూసేయాలి. "దేవుడు తెరిచిన తలుపు నేను మూయడమా?" అన్నారు. యెషయా 54 గురించి మాట్లాడటానికి ఇప్పుడు సమయం వచ్చిందనిపించింది, ఎందుకంటే ఇప్పుడు ఆయన కాళ్ల కింద కొంచెం నేల ఉంది. అప్పటికీ వివరణ నేను ఇవ్వలేదు. అధ్యాయం మొత్తం ఇంట్లో చదివి, ఆ మాట ఎవరితో అన్నారో, గుడారం ఎందుకు పెద్దది చేయమన్నారో రాసుకు రమ్మన్నాను.

వారం తర్వాత వచ్చి కుర్చీలో కూర్చోకముందే అన్నారు: "పాడుబడిపోయిన సీయోనుకి, అంటే యెరూషలేముకి, చెప్పిన ఓదార్పు అది బ్రదర్. పిల్లలు ఎక్కువమంది అవుతారు, ఉన్న గుడారం చాలదు, అందుకు పెద్దది చెయ్యమన్నాడు. నాకు ఆర్డర్లు ఎక్కువ కాలేదు. ఒక్క ఆర్డర్ వచ్చింది."

నేను పది నిమిషాలు చెప్పినా అంత బాగా చెప్పలేను.

మరి మనసులో తోచిన మాట దేవుడిదో కాదో ఎలా తెలుస్తుందని అడిగారు. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో జ్ఞానం అడిగితే ఇస్తాడని చెప్పినవాడే, మూడో అధ్యాయంలో పైనుంచి వచ్చే జ్ఞానం పవిత్రమైనది, సమాధానకరమైనది, మృదువైనది, చెబితే వినేది అని రాశాడు. ఆ చివరిది ఆయనకి కొలతగా ఇచ్చాను. రెండో షెడ్ తెరిచే ముందు ఆవిడ ఒక నెల ఆగుదామన్నారట. ఆ మాట ఆ రోజు ఆయన చెవికెక్కలేదు. "ఇప్పుడే, లేకపోతే పోతుంది" అని తొందరపెట్టే మాట, భార్య అడిగిన ఒక్క ప్రశ్నకి కూడా నిలబడలేని మాట వస్తే, దాన్ని ఒక వారం పక్కన పెట్టమన్నాను.

షెడ్ మూశారు. అక్కడి ఇద్దరు పనివాళ్లలో ఒకరికి వేరే చోట పని దొరికింది. ఇంకొకరికి వెంటనే దొరకలేదు. అతను కోపంతోనే వెళ్లాడు, అందులో న్యాయం ఉంది.

నిద్ర సంగతి

కాలిక్యులేటర్ జబ్బు పట్టిక మారినంత మాత్రాన పోలేదు. ద్వితీయోపదేశకాండము 8లో, నా సామర్థ్యమే ఈ భాగ్యాన్ని తెచ్చిందనుకోవద్దు, సంపాదించే సామర్థ్యం ఇచ్చేది దేవుడే అని ఉంది. ఆ మాట సాధారణంగా బాగా గడిచినవాళ్లకి చెబుతాం. అప్పుల్లో ఉన్నవాడికీ అదే మాట కావాలని నాకు ఈ కేసులోనే తెలిసింది. ఐదోసారి కూడితే అప్పు తగ్గుతుందని రాత్రి రెండింటికి నమ్మడం కూడా నా చెయ్యే నన్ను కాపాడుతుందనుకోవడమే.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. లెక్కలు వారానికి ఒక్కసారే, శనివారం ఉదయం, భార్యతో కలిసి. మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిది తర్వాత పుస్తకం ఆవిడ దగ్గర ఉంటుంది. పడుకునే ముందు ఆ రోజు చేసిన పని ఒక్క వాక్యంలో దేవుడికి చెప్పి, రేపటిది ఒక్కటి అడగాలి. 127వ కీర్తన ఆయనకి కంఠతా వచ్చు, కానీ ఎప్పుడూ ఇల్లు కట్టే మొదటి వచనం దగ్గరే ఆగేవారు. రెండో వచనం నిద్ర గురించి. మొదటి మూడు వారాలు ఈ పద్ధతి ఫలించలేదు. ఆవిడ పుస్తకం దాచేవారు, ఆయన వెతికేవారు. నాలుగో వారంలో వెతకడం మానేశారు. డాక్టర్ మందు తగ్గించింది ఆ తర్వాత మరో రెండు నెలలకి.

కొంచెం ఊపిరి ఆడగానే కొత్త మెషిన్ కొంటానన్నారు. ఐగుప్తులో యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరాల్లో పంటలో ఐదో వంతు దాచిన సంగతి ఎత్తి, లాభంలో అంత పక్కన పెట్టగలరా అని అడిగాను. లెక్క వేస్తే ఇరవయ్యో వంతు తేలింది. సరే, అదే మొదలుపెట్టారు. మెషిన్ ఇంకా కొనలేదు.

ఇప్పటి పరిస్థితి

మొదటి సిట్టింగు నుంచి 11 నెలలైంది. ఐదు బాకీల్లో మూడు తీరాయి. లోన్ ఇంకా చాలానే ఉంది. వ్యాపారం మునుపటి కంటే చిన్నది. బంధువు ఇప్పటికీ మాట్లాడట్లేదు. ఆయన బాకీ మాత్రం నెలనెలా వెళ్తోంది.

పోయిన వారం ఆయన వచ్చినప్పుడు బైబిల్ బల్ల మీద పెట్టారు. కవర్ జిప్ సగం తెరిచి ఉంది, లోపలి అరలోంచి తెల్లటి అంచు ఒకటి కనిపించింది. నా చూపు అటు పోవడం గమనించి ఆయనే బయటికి తీశారు. బ్యాంకు నుంచి ముందు రోజు వచ్చిన ఉత్తరం. పైఅంచు చింపి ఉంది, మూలన పెన్సిల్‌తో తేదీ రాసి ఉంది.